నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి

మా చర్చిలో పక్కపక్క బెంచీల మీద కూర్చునేవాళ్లు ఒకరి దగ్గర ఒకరు ఏదైనా కొనుక్కుంటే నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టరు. ఆవైనా అంతే, ట్రాక్టరైనా అంతే. అమ్మేవాడు ధర చెబుతాడు, కొనేవాడు తలూపుతాడు, చేతులు కలుపుతారు, లోపలికెళ్లి కాఫీ తాగుతారు. కాగితాలు తరవాతెప్పుడో వస్తాయి. "ఓసారి విప్పి చూడనా?" అని అడిగారంటే, "నువ్వు ప్రార్థనలో నిజంగానే కళ్లు మూసుకుంటావా?" అని అడిగినంత తప్పు.

ఈ అలవాటు మాకు చాలా మేలు చేసింది. కొందరికి నష్టమూ చేసింది. వాళ్ల పేర్లు మేము పైకి అనం. ట్రీనా మౌ ఆ అలవాటుకి ఎదురుగా నిలబడిన చలికాలం గురించి చెబుతాను. ఆమెది మా వెనక బెంచీ, ఆదివారం ఊళ్లో ఉంటే.

అమెరికాలో అయోవా రాష్ట్రపు వాయవ్య మూలనున్న మా ఊరికి ఆరు మైళ్ల అవతల, పందులు పెంచే ఇంట్లో పుట్టింది ట్రీనా. ఆరుగురిలో నాలుగోది. తొమ్మిదో ఏట ట్రాక్టరెక్కింది, క్లచ్ అందక నిలబడి తొక్కేది. మా అందరితోపాటు నాలుగు గదుల చర్చి బడిలోనే చదివింది. పొరుగువాడు చేసిన పనికి రెండు అర్థాలు కనిపిస్తే మంచి అర్థమే తీసుకోవాలని ఆ బడిలో నేర్పారు. మిగతా పాఠాలు కొన్ని మరిచిపోయామేమో గాని అది మాత్రం ఎవరమూ మరవలేదు.

దాణా మిల్లులో పనిచేసే కార్విన్‌ని పెళ్లాడింది. మాటలు పొదుపుగా వాడే మనిషి అతను. ఇద్దరూ కలిసి కొన్నాళ్లు పందులు పెంచారు. ధర పడిపోయి, పంది కంటే దాని మేతే ఖరీదైన ఏడాది అన్నీ అమ్మేశారు. అప్పుడు ట్రీనాకి ఇరవై తొమ్మిది. "ఒక్క ఏడాదే" అని చెప్పి ట్రక్కు లైసెన్సు తీసుకుంది. ఆ ఒక్క ఏడాదీ పదిహేడేళ్లయింది.

కంపెనీ ట్రక్కు. ఇక్కణ్ణుంచి గడ్డకట్టించిన పంది మాంసం తూర్పుకి తీసుకెళ్లడం, వచ్చేటప్పుడు ఏది దొరికితే అది తేవడం. దక్షిణం వైపు వెళ్లిందంటే నారింజ పళ్లో, పీచ్ పళ్లో సొంతంగా కొని తెచ్చేది. మా వీధిలో ముగ్గురు విధవరాళ్లం. పొద్దున్నే తలుపు తీస్తే గుమ్మంలో సంచీ ఉండేది. తలుపు కొట్టేది కాదు. థాంక్స్ చెబితే, "ఎవరో పెట్టుంటారు లెండి" అనేది.

కంపెనీ బండిలో ఒక సుఖముంది. ఎదురుగా ఎర్ర దీపం వెలిగితే ఫోన్ చెయ్యడమే, ఎవరో ఒకరు వస్తారు. పదిహేడేళ్లలో ట్రీనా ఒక్కసారి కూడా పానా పట్టుకోలేదు. ఆ సుఖానికి చెల్లించే ధర వేరే ఉంది. ఇచ్చిన లోడు వద్దనడానికి వీల్లేదు.

పెద్దమ్మాయి అలైడా చర్చిలో నిలబడిన ఆదివారం అది బాగా తెలిసొచ్చింది. మా పిల్లలు పెద్దవాళ్లయ్యాక ఒక ఆదివారం సంఘమంతటి ముందూ లేచి నిలబడి, తమ విశ్వాసం తమ నోటితో ఒప్పుకుంటారు. జీవితంలో ఒక్కసారి. లోడ్లు పంచే బ్రాడ్‌కి ట్రీనా నెల ముందే చెప్పి పెట్టింది. అయినా శుక్రవారం ఫోనొచ్చింది.

"ట్రీనా, సోమవారం పొద్దున అయిదింటికల్లా ఒహాయోలో దింపాలి."

"ఆదివారం మా అమ్మాయి చర్చిలో నిలబడుతోందని చెప్పాను కదా, బ్రాడ్."

"నిలబడటమేంటి? పెళ్లా?"

"పెళ్లి కాదు. విశ్వాసం ఒప్పుకోవడం."

"ఆ ఒప్పుకునేదేదో వచ్చే ఆదివారం ఒప్పుకుంటే పోలా?"

అతను దుర్మార్గుడేమీ కాదు, అతనికి తెలియదంతే. గొంతు తగ్గించి అన్నాడు: "చూడు, బండి మాది. అది ఎప్పుడు కదలాలో మేం చెప్పాలి. నా చేతుల్లో ఏం లేదు."

అలైడా లేచి నిలబడిన వేళకి ట్రీనా ఇండియానాలో ఒక ట్రక్కుల స్టాపులో, డీజిల్ పంపుల పక్కన, స్టీరింగ్ మీద తల ఆనించి కూర్చుంది. మా చర్చిలో ప్రసంగం మొదలవగానే బెంచీ పొడుగునా పిప్పరమెంటు బిళ్లలు చేతులు మారతాయి. ఆ రోజు అలైడా రెండు తీసుకుంది. మంగళవారం తల్లి ఇంటికొచ్చాక, కోటు జేబులోంచి ఒకటి తీసి, "నీ వంతు, అమ్మా" అని అరచేతిలో పెట్టింది. ఆ పిల్ల ప్రేమతోనే ఇచ్చింది. అయినా ట్రీనా అది నోట్లో వేసుకోలేకపోయింది.

*

సొంత ట్రక్కు ఆలోచన అప్పుడే మొలకెత్తింది. దానికి ఆ శరదృతువులో వెర్లిన్ కోయిమా నీళ్లు పోశాడు.

వెర్లిన్ మా సంఘ పెద్ద. డెబ్బై నాలుగేళ్లు. ముప్పై ఎనిమిదేళ్లు సొంత బండి నడిపాడు, ఒక్క ఆదివారం కూడా దాన్ని కదపలేదు. ముక్కు పొడుగ్గా, ముదురాకుపచ్చ రంగులో ఉండే ట్రక్కు. శనివారం మధ్యాహ్నం ఆయన దాన్ని కడుగుతుంటే, కేలెండర్ లేని ఇంట్లో కూడా రేపు ఆదివారమని తెలిసేది. ఒకరోజు ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద ట్రీనాని ఆపాడు.

"అమ్మాయ్, నా మోకాళ్లు ఇంక ఆ బండి మెట్టెక్కలేమంటున్నాయి. అమ్మేద్దామనుకుంటున్నా. నువ్వు తీసుకుంటావా?"

"నేనా, వెర్లిన్ గారూ?"

"ఆదివారం దాన్ని కదపనివాళ్లకే ఇస్తాను. ఊళ్లో అలాంటి డ్రైవర్లు ఎంతమంది మిగిలారో నువ్వే లెక్కపెట్టు."

వార్త మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. ధాన్యం గోదాము దగ్గర కాఫీ బల్లకి చేరే మగవాళ్లకి వారం రోజులు అదే కబురు. "వెర్లిన్ బండి అంటే కళ్లు మూసుకుని కొనచ్చు" అన్నవాళ్లు కొందరు. "ఆదివారం లోడు వద్దంటే సోమవారం కంపెనీవాళ్లే ట్రీనాని వద్దంటారు" అన్నవాళ్లు కొందరు. బ్రాడ్ అయితే ఫోన్లో నవ్వాడు.

"సొంత బండా! దారిలో టైరు పేలితే ఎవరికి ఫోన్ చేస్తావ్?"

"నాకే చేసుకుంటా."

"ఎత్తుతావా మరి?"

"ఎందుకెత్తను? నీ ఫోనా ఏంటి, మోగి మోగి ఆగిపోడానికి?"

ఇంట్లో మాత్రం నవ్వులాట కాదు. అప్పు ఇవ్వాలంటే ఇల్లు తాకట్టు పెట్టాలంది బ్యాంకు. ట్రీనా ఆ మాట బఠాణీ సూప్ తింటూ చెప్పింది. కార్విన్ రొట్టె ముక్కతో గిన్నె అంచు తుడిచి, ఆ ముక్క తిని, నీళ్లు తాగాక అన్నాడు:

"ఇల్లు ఎక్కడికీ పోదు. వారం వారం పోతున్నది నువ్వు."

చిన్నమ్మాయి నెల్వాకి పదిహేడు. నాలుక కాస్త పదును. "జూన్‌లో పెంతెకొస్తు పండగ ఆదివారం నా వంతు. నువ్వు బెంచీలో లేకపోతే నేను లేవను గాక లేవను. దేవుడు ఆగుతాడు. పాస్టరుగారు ఆగుతారో లేదో నువ్వే కనుక్కో" అంది.

ఇంతమంది చెప్పాక కూడా ట్రీనా ఔననలేదు. బండిని ఎరిగిన మనిషితో ఒక్కసారి మాట్లాడాలనుకుంది. అలాంటి మనిషి ఇల్లినాయిలో ఎదురయ్యాడు.

ఓడెల్‌ది మిసిసిపీ. ముప్పై ఒక్క ఏళ్లుగా సొంత బండి. ఎన్నో గిడ్డంగుల దగ్గర, వంతు కోసం కాచుకున్న గంటల్లో స్నేహం కుదిరింది ఇద్దరికీ. ఆ మధ్యాహ్నం ట్రక్కుల స్టాపు హోటల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్లావిడ కట్టిచ్చిన చిలగడదుంప కూరిన తీపి రొట్టె తీసి, అడక్కుండానే సగం కోసి ట్రీనా ముందు పెట్టాడు.

"ఎవరి దగ్గర కొంటున్నావ్, చెల్లెమ్మా?"

"మా సంఘ పెద్ద దగ్గర. ముప్పై ఎనిమిదేళ్లు ఒక్క మచ్చ లేదు. వారం వారం కడుగుతాడు."

"నేనాయన గురించి అడగలా. ఇంజన్ ఎలా ఉంది?"

"ఆయన చాలా మంచివాడు, ఓడెల్."

ఓడెల్ ఫోర్కు కింద పెట్టాడు. "మా నాన్న పాస్టరు. నా మొదటి కారు ఆయన దగ్గరే కొన్నా. మూడు మైళ్లు నడిచింది. మనుషులు బాప్తిస్మం తీసుకుంటారు చెల్లెమ్మా, ఇంజన్లు తీసుకోవు."

ట్రీనాకి నవ్వొచ్చి పొలమారింది. అతను నీళ్ల గ్లాసు జరిపాడు.

"ఒక్క పని చెయ్యి. నువ్వొచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ఆయనతో చెప్పు. ఇంజన్ నిజం చెప్పేది చల్లగా ఉన్నప్పుడే. వేడెక్కాక అన్నీ కమ్మగా పాటలే పాడతాయి. వెళ్లగానే ముందు చెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలిందా, నీకంటే ముందు ఎవరో దాన్ని మేలుకొలిపారన్నమాట. ఎందుకో అడుగు."

"మా దగ్గర అలా అడగరు."

"అడగరా? మరి మీ దగ్గర ఇల్లు పోతే ఏం చేస్తారు? పాటలు పాడతారా?"

మిగిలిన తీపి రొట్టె ముక్క రేకు కాగితంలో చుట్టి, ఆమె వద్దంటున్నా ఆమె ట్రక్కు మెట్టు మీద పెట్టి వెళ్లాడు.

*

ఆ ఒక్క మాట అడగడానికి ట్రీనాకి మూడు రోజులు పట్టింది. స్టీరింగ్ ముందు కూర్చుని పైకే అనుకునేది: "వెర్లిన్ గారూ, ఏమనుకోకండి..." అక్కడే ఆగిపోయేది. ఆదివారం బడిలో తనకి కీర్తనలు కంఠతా పట్టించిన మనిషి ఆయన. తండ్రి సమాధి దగ్గర తన భుజం మీద చెయ్యి వేసి నిలబడిన మనిషి. నాలుగో రోజు ప్రార్థన చేసుకుని, ధైర్యం రాలేదని తెలిసి కూడా నంబరు నొక్కింది.

"శనివారం ఏడింటికి బండి చూడ్డానికి వస్తానండీ."

"రామ్మా. మా ఆవిడ జెనీవా బాదం రొట్టెలు చేస్తానంటోంది."

"ఒక్క మాటండీ. నేనొచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి."

అటువైపు వంటింట్లో గిన్నెల చప్పుడు మాత్రం వినిపించింది కాసేపు.

"జనవరి నెలమ్మా. చలి బాగా ఉంటుంది" అన్నాడు వెర్లిన్.

"అందుకేనండి."

"...సరే."

ఫోన్ పెట్టాక ట్రీనా చెవులు కాలిపోతున్నాయి. కార్విన్ వార్తాపత్రిక దించి చూశాడు.

"అడిగేశావా?"

"అడిగేశాను."

"వెర్లిన్‌ని?"

"ఊఁ."

మళ్లీ పత్రిక ఎత్తాడు గాని, కాసేపటిదాకా కాగితం తిప్పలేదు.

శనివారం తెల్లవారేసరికి ముక్కులో తేమ గడ్డకట్టేంత చలి. కంచె, అద్దాలు, షెడ్డు చూరు అన్నీ తెల్లటి మంచుపొర కప్పుకున్నాయి. ఆకుపచ్చ ట్రక్కు షెడ్డు ముందు నిలబడి ఉంది. ట్రీనా ఇంటి తలుపు తట్టకుండా తిన్నగా దాని దగ్గరకెళ్లింది. బానెట్ ఎత్తి, చేతితొడుగు విప్పి, అరచెయ్యి ఇంజన్ మీద ఆనించింది.

వెచ్చగా ఉంది.

అంతలో కింద వేలాడుతున్న కరెంటు తీగ కనిపించింది. జనవరిలో మేము డీజిల్ బండ్లకి రాత్రంతా తీగ తగిలించి ఇంజన్‌ని కాస్త వెచ్చగా ఉంచుతాం. ఎవరైనా చేసేదే. 'పాపం, చలికి తగిలించాడు పెద్దాయన. నేనేమో అనుమానించాను' అనుకుంది ట్రీనా. అంత మంచి అర్థం దొరికాక ఇంకేం కావాలి? చేతితొడుగు సగం ఎక్కించుకుంది కూడా. మా బడిలో చదివినవాళ్లెవరైనా అక్కడితో ఆగి, లోపలికెళ్లి కాఫీ తాగేవాళ్లు. నేనైనా అంతే చేసేదాన్ని.

ట్రీనా తల పైకెత్తింది. అన్నిటి మీదా మంచుపొర ఉంది గాని, బండికి రెండు పక్కలా నిలువుగా లేచే పొగగొట్టాల మీద లేదు. అవి నల్లగా, తడిగా మెరుస్తున్నాయి. చేతితొడుగు మళ్లీ విప్పి, మెట్టెక్కి, గొట్టం మీద చెయ్యి పెట్టింది. వెచ్చగా తగిలింది. తీగ ఇంజన్‌ని వెచ్చబెడుతుంది గాని పొగగొట్టాన్ని వెచ్చబెట్టదు. దిగి చూస్తే వంటింటి తలుపు నుంచి డ్రైవరు తలుపు దాకా మంచులో అడుగులున్నాయి. బూట్ల అడుగులు కావవి, ఇంట్లో వేసుకునే మెత్తటి చెప్పులవి. వెళ్లినవీ ఉన్నాయి, తిరిగొచ్చినవీ ఉన్నాయి.

"ట్రీనా! బయట నిలబడి బిగుసుకుపోతావేంటే, రా లోపలికి!" జెనీవా తలుపు తీసి పిలిచింది.

కాఫీ, బాదం రొట్టెలు బల్ల మీదికొచ్చాయి. కాఫీకి ముందు కూడా ప్రార్థన చేసే ఇల్లది. వెర్లిన్ తల వంచి మొదలుపెట్టాడు. చలి నుంచి కాపాడినందుకు, ఆహారానికి, ట్రీనా కుటుంబానికి వందనాలు చెప్పాడు. "ప్రభువా, మా నోటి మాటలు..." అని ఆగాడు. 'నీకు అంగీకారమగును గాక' అన్న మిగతాది ఎంతసేపైనా రాలేదు. చివరికి జెనీవాయే "ఆమెన్" అంది.

ట్రీనా కప్పు ముట్టలేదు.

"వెర్లిన్ గారూ, బండి ఎందుకు స్టార్ట్ చేశారు?"

ఆయన ఆమె వైపు కాక తన కప్పు వైపు చూశాడు. జెనీవా ఇద్దరి వైపూ చూసింది.

"స్టార్ట్ చేశావా? ఆరింటికి నేను మిక్సీలో బాదం పిండి చేస్తుంటే పోస్టు వచ్చిందేమో చూసొస్తానని వెళ్లింది అందుకా? పోస్టు పదకొండింటిక్కదా వచ్చేది! అదీ చెప్పులతో, ఈ మంచులో! నీ మోకాళ్లకి నేను నూనె రాయాలి మళ్లీ!"

"జెనీవా" అన్నాడు ఆయన మెల్లగా. ఆవిడ ఆగింది. "కిందటి కోతల నుంచి ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు తగ్గిపోతున్నాయమ్మా. నేల మీద చుక్క కనపడదు. పోస్తూనే ఉన్నా. చలిలో స్టార్ట్ చేస్తే తెల్ల పొగ కక్కుతుంది, తియ్యటి వాసనేస్తుంది. వేడెక్కాక ఏమీ ఉండదు, కొత్త పెళ్లికొడుకులా నడుస్తుంది. నేను అబద్ధం చెప్పలేదు ట్రీనా. నన్నెవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి."

"అడిగాను కదండీ. స్టార్ట్ చెయ్యొద్దన్నాను."

ఆయన పెద్ద చేతులు రెండూ బల్ల మీద ఊరికే పడున్నాయి.

"నేను అడక్కపోయుంటే?" అంది ట్రీనా.

"అడక్కపోతే, నువ్వు ఇల్లు తాకట్టు పెట్టి కొనేదానివి. నేను ఆదివారం నీ కళ్లెదుటే పాటల పుస్తకం పట్టుకుని నిలబడేవాణ్ణి." ఆయన కప్పు దూరంగా జరిపాడు. "ముప్పై ఎనిమిదేళ్లు దాన్ని కడిగాను. పాడైందని నా నోటితో చెప్పలేకపోయాను. ఎవరైనా అడిగితే బాగుణ్ణని రోజూ అనుకునేవాణ్ణి. నువ్వు అడిగావు. అడిగాక భయమేసింది."

ట్రీనా లేచింది. వెళ్లిపోతోందనుకుని జెనీవా కోటు అందించబోయింది.

"తీగ పీకేసి వస్తాను" అంది ట్రీనా. "సాయంత్రం దాకా చల్లారనిద్దాం. అప్పుడు నా ముందు స్టార్ట్ చెయ్యండి. అబద్ధం పొద్దున చూశాను, నిజం కూడా చూసి వెళతాను."

ఆ రోజంతా అక్కడే ఉంది. జెనీవాతో కలిసి బంగాళదుంపలు చెక్కు తీసింది. నాలుగింటికి వెర్లిన్ తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గి, వణికి, తెల్లటి పొగ గుప్పుమని వదిలింది. పెరడంతా తియ్యటి వాసన. ముగ్గురూ అందులో నిలబడ్డారు. అది పలచబడ్డాక వెర్లిన్ ఇంజన్ ఆపాడు.

"ఇప్పుడు విప్పుదాం" అంది ట్రీనా.

"ఎవరితో విప్పిస్తావ్?"

"మీరు చెబుతారు. నేను విప్పుతాను. లోపలేముందో చూశాక కొంటానో లేదో చెబుతాను. ముందు మాటివ్వను, చెయ్యి కలపను."

"నువ్వు పానా పట్టి ఎరగవు కదమ్మా."

"ఎరగను. సొంత బండి నడిపేదాన్నయితే ఎరగాలి కదా. నా వల్ల కాదని తేలితే అది కూడా ఇప్పుడే తేలనివ్వండి."

ఆ మర్నాడు ప్రభువు బల్ల ఆదివారం, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే రోజు; మనసులో తగాదా ఉంచుకుని ఎవరూ ఆ బల్ల దగ్గరికి రాకూడదు. ఆరాధన మొదలవక ముందు వెర్లిన్ పెద్దల బెంచీలోంచి లేచి, నడవంతా నడిచొచ్చి, ట్రీనా ముందు నిలబడి చెయ్యి చాచాడు. ఆమె లేచి ఆ చెయ్యి అందుకుంది. ఏమైందో అప్పటికి మాకెవరికీ తెలియదు. కానీ మా ముందు బల్ల సిద్ధంగా ఉన్నప్పుడు ఒకరు ఇంకొకరి దగ్గరకి నడిచొస్తే, కారణం అడక్కుండా తల వంచుకోవడం మాకు తెలుసు.

*

దాచుకున్న సెలవులు మూడు వారాలు. ఫిబ్రవరిలో ఆ మూడు వారాలూ ట్రీనా వెర్లిన్ షెడ్డులోనే గడిపింది. ఆయన తిరగేసిన బకెట్ మీద కూర్చుని చేతికర్రతో చూపించేవాడు. "అది కాదు, దాని కింద. అటు కాదమ్మా, ఎడమకి. ఎడమంటే నీ ఎడమ!" మొదటి రోజు ఒక్క బోల్టు ఊడదియ్యడానికి గంట పట్టింది. వేళ్ల కణుపులు చితికాయి. రెండో వారానికి ఆయన చెప్పకముందే ఆమె చెయ్యి సరైన పానా మీదికి వెళ్లేది.

సంగతి బయటికి పొక్కింది. వెర్లినే కాఫీ బల్ల దగ్గర, కప్పు చేతిలో పట్టుకుని, అందరికీ చెప్పేశాడు. తరవాత ఎవరూ ఆ ఊసెత్తలేదు. షెడ్డుకి మాత్రం రోజూ ఏదో ఒకటి వచ్చేది. ఒకరు హీటరు తెచ్చి పెట్టి వెళ్లారు. ఒకరు దారి మీద మంచు తోసి వెళ్లారు. నేనూ ఒక గిన్నెడు సూప్ తీసుకెళ్లాను. ట్రీనా బండి కిందనుంచి, "ఎవరో పెట్టుంటారు లెండి!" అని అరిచింది. నేను తెచ్చానని ఆమెకి బాగా తెలుసు.

లోపం నాలుగో సిలిండరులో దొరికింది. పిస్టన్ ఆడే ఇనప గొట్టానికి బయటివైపు, చెదలు తిన్నట్టు చిన్న చిన్న గుంటలు. వాటిలో ఒకటి లోపలిదాకా దిగిపోయింది, నీళ్లు కారుతున్నది అందులోంచే. ఆవగింజలో సగం కూడా ఉండదు. వెర్లిన్ కళ్లద్దాలు తుడుచుకుని చాలాసేపు దాన్ని చూశాడు.

"ఏడాదికోసారి ఆ నీళ్లలో మందు కలపాలి. రెండేళ్లు కలపలేదు. బయట రంగు మెరిస్తే చాలనుకున్నట్టున్నాను."

"మందు పేరు చెప్పండి, గోడ మీద రాసుకుంటాను" అంది ట్రీనా. ఆయన్ని అంతకంటే ఏమీ అనలేదు.

కొత్త సామాను వెర్లిన్ తన డబ్బుతోనే తెప్పించాడు. ఆరు గొట్టాలూ మార్చారు. మార్చి మొదట్లో, ఆ ఏటి చివరి గట్టి చలికి, బండిని రెండు రాత్రులు తీగ లేకుండా పెరట్లో వదిలేశారు. మూడో రోజు తెల్లవారుతుండగా ట్రీనా వచ్చింది. కార్విన్ కూడా వచ్చి, మిల్లు టోపీ చెవుల మీదికి లాక్కుని ఓ పక్కన నిలబడ్డాడు. ట్రీనా ఇంజన్ మీద చెయ్యి పెట్టింది. చర్మం అంటుకుపోయేంత చలి. పొగగొట్టం మీద మంచుపొర అలాగే ఉంది. నేల మీద ఆమె అడుగులు తప్ప ఇంకెవరివీ లేవు.

ఎక్కి తాళం తిప్పింది. ఇంజన్ బద్ధకంగా మూలిగింది. ఒకసారి ఆగింది. రెండోసారి తిప్పితే అందుకుంది. బూడిదరంగు పొగ ఒక్క గుప్పెడు లేచి, ఆ తరవాత ఏమీ లేదు. ట్రీనా దిగి, బండి చుట్టూ తిరుగుతూ అరగంట వాసన చూసింది. డీజిల్ వాసన తప్ప ఇంకేమీ రాలేదు.

"కొంటాను" అంది.

అప్పుడు చెయ్యి చాచింది. వెర్లిన్ కర్ర ఎడమ చేతికి మార్చుకుని ఆ చెయ్యి పట్టుకున్నాడు. రెండు చేతులకీ ఒకే నల్లటి జిడ్డు. కార్విన్ ముక్కు తుడుచుకుని, "చలి" అన్నాడు.

పాత కంపెనీ లోడ్లే సొంత బండితో తోలడానికి ట్రీనా ఒప్పుకుంది. కాకపోతే ఈసారి వద్దనే హక్కు ఒప్పందంలో రాయించుకుంది. ఏప్రిల్లో బ్రాడ్ ఫోన్ చేశాడు.

"ఆదివారం బయల్దేరే లోడుంది ట్రీనా. పెద్దది. నీలాంటివాళ్లు కళ్లకద్దుకుంటారు."

"ఆదివారం రాను. సోమవారం ఏదుందో చెప్పు."

"సోమవారానివన్నీ చిన్నవే."

"చిన్నదే ఇవ్వు."

"అప్పు ఎలా తీరుస్తావ్?"

"మెల్లగా."

ఆ వారం ఆమెకి నిజంగానే చిన్నదే దొరికింది. తరవాతి వారం కూడా. మూడో వారం టైరు పేలితే, వర్షంలో తడుస్తూ తనే మార్చుకుంది. ఆ వేసవి వాళ్లింటి పైకప్పుకి వేయించాలనుకున్న రేకులు వేయించలేదు. కార్విన్ నిచ్చెనెక్కి తారు పూశాడు.

పెంతెకొస్తు ఆదివారం నెల్వా పేరు పిలిచారు. ఆ పిల్ల వెంటనే లేవలేదు. ముందు తల తిప్పి పక్కకి చూసింది. తల్లి అక్కడే ఉంది. గోళ్ల చివర్ల నలుపు ఎంత తోమినా పోలేదు. ఆ చేతిలోంచే నెల్వా పిప్పరమెంటు బిళ్ల తీసుకుని, నోట్లో వేసుకుని, లేచి నిలబడింది. పాస్టరుగారు ప్రశ్న అడిగారు. బుగ్గలో బిళ్లతోనే సంఘమంతటికీ వినపడేలా జవాబిచ్చింది.

మా వంటింటి కిటికీలోంచి వాళ్ల పెరడు కనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నే కాఫీ పెట్టుకుంటూ చూశాను. ట్రీనా సంచీ భుజాన వేసుకుని ఆకుపచ్చ బండి దగ్గరకొచ్చింది. జూన్ నెల, చలి ఊసే లేదు. అది తన బండే, తన పెరడే. అయినా బానెట్ ఎత్తి, ముందు అరచెయ్యి ఆనించి చూసుకుంది. తరవాతే ఎక్కింది. వీధి మలుపులో నన్ను చూసి స్టీరింగ్ మీది నుంచి పలకరింపుగా ఒక వేలు ఎత్తింది. నేను గరిటె ఎత్తాను.